శివారు స్తంభానికి డాక్ వంతు

సరంగు పుస్తకం. ఊరు: వంతెనపాలెం. ఇల్లు: నలభై ఒకటో స్తంభం. సరంగు: తన్మయి.

జులై 6, సోమవారం
నీటిమట్టం 9 అడుగులు. గాలి నైరుతి. ట్రిప్పులు 2.

విశేషాలు: ఈ గడిలో రెండు ముక్కలు రాస్తే చాలంటారు జలమార్గాల ఆఫీసు వాళ్ళు. నాకు రెండు ముక్కలతో ఏ పనీ అవదు. రాసింది కొట్టెయ్యకూడదని, పేజీ చింపకూడదని అట్ట మీదే అచ్చేశారు కాబట్టి నా నోటిదురుసు కూడా ఇందులో ఉండిపోతుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

దారి పరీక్ష నోటీసు వచ్చింది. ఇరవై నాలుగో తారీఖు శుక్రవారం, పొద్దున పది గంటలకి, ఏడో స్తంభం దగ్గర. నా లైసెన్సు ఇరవై ఐదు తెల్లవారేసరికి చచ్చిపోతుంది. అది చస్తే ఇంజిన్ తాళం తెరుచుకోదు, బతిమాలినా తన్నినా. మళ్ళీ పరీక్ష అక్టోబరు చివర్లో.

మా మోక్షిత వదినకి వారానికి రెండుసార్లు డయాలసిస్, బుధవారం, శనివారం. ఆసుపత్రి గట్టు పదకొండు మైళ్ళు, దారంతా నీళ్ళే. పాత వంతెన స్తంభాల మీద ఇళ్ళు కట్టుకున్న మా ఊళ్ళో లైసెన్సున్న సరంగులం ముగ్గురం. మిగతా ఇద్దరివీ చేపల పడవలు. ఒకరోజు రమ్మంటే కాదనరు గానీ, మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు ఆసుపత్రి రేవులో నాలుగేసి గంటలు కట్టేసుకుని కూర్చోమని ఎవర్నడగను? నేను పరీక్ష తప్పితే వదిన బతకదు. రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

పరీక్ష అంటే నిజానికి ఒక గేమ్. మునిగిపోయిన ఊళ్ళన్నిటినీ ఆఫీసు వాళ్ళు నీళ్ళలోకి శబ్దం పంపే సోనార్‌తో కొలిచి, గోడలు, లారీలు, కరెంటు స్తంభాలు ఉన్నవి ఉన్నట్టు గేమ్‌లో కట్టి పంపిస్తారు. ఎవరి హ్యాండ్‌హెల్డ్‌లో, అంటే చేత్తో పట్టుకుని ఆడే చిన్న మిషనులో, వాళ్ళు వేసుకుని ఆసుపత్రి గట్టుదాకా పడవ నడిపి చూపించాలి. దేన్నీ గుద్దకూడదు. తెర మీద బొమ్మ సెకనుకి నలభైసార్లు మారాలి, నలభై ఫ్రేములకి తగ్గకూడదు. మూడు సెకన్లపాటు తగ్గితే పరీక్ష రద్దు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే సరంగు చూపుని నమ్మలేమని వాళ్ళ వాదన.

ఈ ఏడాది గేమ్ కొత్తది. వాన పడుతుంది, నీళ్ళు బురదగా కదులుతాయి, మట్టం కూడా ఎండాకాలపుదే ఇచ్చారు, ఐదు అడుగులు. నా హ్యాండ్‌హెల్డ్‌లో వేశాను. పదిహేడు ఫ్రేములు. రెండో మలుపు రాకముందే విసుగొచ్చి ఆపేశాను.

తర్వాత అందరూ చేసేదే చేశాను. సెట్టింగుల్లోకి వెళ్ళి వివరం సున్నా పెట్టాను. అలా పెడితే సన్నసన్న వస్తువులు తెర మీద నుంచి పోతాయి, మిషను తేలికపడుతుంది. పదిహేనేళ్ళుగా ముగ్గురం అలాగే పాసవుతున్నాం. నలభై నాలుగు ఫ్రేములొచ్చాయి. హాయిగా నడుపుకుంటూ వెళ్తుంటే రైసుమిల్లు మలుపులో ఎర్రక్షరాలు: తాకిడి. ముందు నీళ్ళు తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఆడాను. మళ్ళీ అక్కడే తాకిడి.

“ఏమీ లేదక్కడ. ఏం గుద్దానో వాళ్ళకే తెలియాలి,” అన్నాను.

వదిన మంచం మీద నుంచి, “లేనిదాన్ని గుద్దాలంటే నీ తర్వాతేనే,” అంది. మిల్లు మలుపు అనగానే గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగేళ్ళ కిందట మా ఆయన పడవ బోల్తాపడి పోయింది అక్కడే. ఆయన ఆమెకి తమ్ముడు. విచారణలో ఆఫీసు వాళ్ళు రాసింది ఒకటే మాట, సరంగు నిర్లక్ష్యం. ఆ మాట మా ఇద్దరి గొంతులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

జులై 9, గురువారం
నీటిమట్టం 9. గాలి నైరుతి. ట్రిప్పులు 1.

విశేషాలు: ఈ రోజు డాక్‌లో నా వంతు.

ఊరు మొత్తానికి ఒకటే డాక్, ఏడో స్తంభం దగ్గర చాణక్య బాబాయి ఇంట్లో. అదొక ఇనప పెట్టె. లోపల పాతకాలపు పెద్ద కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డు, దానికి సొంత కరెంటు, సొంత ఫ్యాను. ఒక కేబుల్‌తో హ్యాండ్‌హెల్డ్‌కి తగిలిస్తే బొమ్మలు గీసే బరువంతా పెట్టె మోస్తుంది, చేతిలో మిషను మిగతా పని చూసుకుంటుంది. చిన్న పడవ పక్కన పెద్ద లాంచీ కట్టుకుని లాగించుకున్నట్టే.

పాత రోజుల్లో కాలవనీళ్ళు వంతు ప్రకారం వదిలేవాళ్ళట. డాక్‌కీ అదే పద్ధతి పెట్టారు పెద్దలు. ఒకటో స్తంభం నుంచి మొదలు. మాది చిట్టచివర, శివారు. అందుకని సోమవారం, గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు నా వంతు. పొద్దున్న ఎండ బాగున్నప్పుడు పైస్తంభాల ఆడవాళ్ళు చీరల డిజైన్లు గీసుకుంటారు, కుర్రకారు గేముల్లో పందేలు ఆడుకుంటారు. శివారు వాళ్ళం వెళ్ళేసరికి సోలార్ పలకల మీద ఎండ పల్చబడుతుంది.

చాణక్య బాబాయి మెట్టప్రాంతం మనిషి, నందిగామ వైపు. వయసు డెబ్బై దాటింది. పసిబిడ్డని చూసుకున్నట్టు చూస్తాడు ఆ పెట్టెని. అద్దాల బీరువాలో, చుట్టూ బొగ్గుముక్కలు పోసి తేమ తగలకుండా దాస్తాడు.

“నెమ్మదిగా పెట్టమ్మాయ్. ఈ కార్డు పోతే ఇంకోటి దొరకదు,” అని చెప్పి బట్టలు తీయడానికి బయటికెళ్ళాడు. సన్నగా చినుకు మొదలైంది.

ఆయన వచ్చేలోగా ఊరికే కూర్చోలేక డాక్ సాకెట్‌లో కొంచెం మైనం పెట్టాను. ఉప్పుగాలికి ఇక్కడ రాగి నెలకే పచ్చబడుతుంది. కొత్త ఇంటికెళ్తే కాళ్ళు కడుక్కున్నట్టు కొత్త సాకెట్ కనిపిస్తే మైనం పెట్టడం మా వాళ్ళకి చిన్నప్పటి అలవాటు. నా నడుముకి మైనం డబ్బా ఎప్పుడూ ఉంటుంది.

గేమ్ మొదలైంది. పూర్తి వివరంతో ముప్పై మూడు ఫ్రేములు. నలభై కాదు గానీ పదిహేడు కంటే నయమే కదా అనుకున్నాను. నాలుగు నిమిషాలకి తెర నల్లబడింది, డాక్ ఊడింది. మళ్ళీ తగిలించాం. రెండు నిమిషాలకి మళ్ళీ. ఆరుకి నా వంతు అయిపోయింది.

జులై 13, సోమవారం
నీటిమట్టం 9.5. గాలి పడమర. ట్రిప్పులు 1.

విశేషాలు: ఈ రోజు తొమ్మిదిసార్లు ఊడింది. లెక్కపెట్టుకున్నాను.

పొద్దున పందెంరాయుళ్ళు మూడు గంటలు ఏకబిగిన ఆడారట, ఒక్కసారీ ఊడలేదట. నాకు మండింది.

“పైస్తంభాలోళ్ళకి మంచి కేబులు, శివారోళ్ళకి పుచ్చు కేబులా, బాబాయ్?” అని అడిగేశాను.

ఆయన నా వంక చూశాడు. “ఎవరి కేబులు వాళ్ళే తెచ్చుకుంటారమ్మా. నీకు లేదని నాది ఇచ్చా. నా సొంతం అది.”

“అయితే ఎండ చాలట్లేదు. మాకు పొద్దున వంతు ఎందుకివ్వరు?”

“ఎండ చాలకపోతే ఫ్యాను ఆగాలి. అది తిరుగుతూనే ఉందిగా.”

ఆయన నెమ్మదిగా మాట్లాడేకొద్దీ నాకు కోపం పెరిగింది. ఆయన పెట్టె ఆయన నెత్తిన పెట్టుకోమని చెప్పి వచ్చేశాను. చాణక్య బాబాయికి శివారు వాళ్ళంటే చులకన, అందుకే పనికిరాని సామాను అంటగడుతున్నాడు. ఇది నా అభిప్రాయం. రాశాను కాబట్టి ఇక్కడే ఉంటుంది.

ఇంకా పదకొండు రోజులే ఉంది.

జులై 15, బుధవారం
నీటిమట్టం 9. గాలి లేదు. ట్రిప్పులు 1, ఆసుపత్రి గట్టు.

విశేషాలు: ఆసుపత్రిలో నర్సు పేరు రత్తమ్మ, ఇరవై మూడేళ్ళు. ఇప్పటి పిల్లలకి మళ్ళీ పాత పేర్లే ఫ్యాషను. మా కాలంలో తన్మయిలు, మోక్షితలు వీధికి నలుగురు.

రత్తమ్మ సూది పెట్టబోయి ఆగింది. “ఏంటండీ మోక్షితమ్మగారూ ఇది, చెయ్యంతా జిడ్డు?”

“చర్మం చిట్లుతోందని కొబ్బరినూనె రాసుకున్నా,” అంది వదిన.

“ఇంటి దగ్గర రాసుకోండి, ఇక్కడికొచ్చే రోజు కాదు. జిడ్డుంటే టేపు పట్టదు. గంట బానే ఉన్నట్టుంటుంది, తర్వాత జారి సూది ఊడుద్ది. ఊడితే ఏమవుద్దో తెలుసుగా.” స్పిరిట్ దూదితో గట్టిగా తుడిచింది.

గంట బాగానే ఉన్నట్టుండి ఊడిపోవడం. డాక్ కూడా అలాగే ఊడుతోంది. నడుముకున్న మైనం డబ్బా తడుముకున్నాను. సన్నటి ఆ సాకెట్‌లో ఇరవై నాలుగు రాగిపళ్ళుంటాయని, ఒక్కదానికి పొర పట్టినా కాసేపు ఆడి వేడెక్కాక ఊడుతుందని ఎప్పుడో ఎవరో చెప్పారు. నీటికి అడ్డమని పెట్టుకునే మైనమే కేబుల్‌కి అడ్డం నిలబడింది. నా మిషను సాకెట్‌లో ఉన్న మైనం సంగతి చెప్పనే అక్కర్లేదు, పదేళ్ళుగా పేరుకుపోయిన సరుకు. పందెంరాయుళ్ళ కేబుళ్ళు పెట్టీ తీసీ డాక్ వైపు సాకెట్ వాళ్ళకి శుభ్రపడింది. నేను వెళ్ళిన ప్రతిసారీ నా మైనం నేను మోసుకెళ్ళాను.

“ఏమే, మొహం అట్టా పెట్టావు?” అంది వదిన.

“ఒకాయన్ని అన్యాయంగా తిట్టాను వదినా.”

“ఒకాయన్నేనా? ఈ వారం తక్కువే.”

వచ్చేటప్పుడు రత్తమ్మని అడిగి గుప్పెడు స్పిరిట్ దూదులు తెచ్చుకున్నాను.

జులై 16, గురువారం
నీటిమట్టం 9. గాలి నైరుతి. ట్రిప్పులు 0.

విశేషాలు: వంతు నాలుగింటికైతే రెండింటికే వెళ్ళాను. బాబాయి తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు.

“తప్పు నాదే బాబాయ్. సాకెట్‌లో మైనం పెట్టాను. మీకు చెప్పకుండా.”

ఆయన బీరువా తెరిచి సాకెట్‌లోకి తొంగిచూశాడు. తర్వాత, “నా పెట్టెకి మైనమా,” అన్నాడు, దేవుడి పటానికి ఎవరో విభూతి బదులు ఉప్పు రాసినట్టు. “అందుకా! కేబులు కొస జారిపోతుంటే చెమట అనుకున్నా.”

ఇద్దరం కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని తుడిచాం. దూది చుట్టిన చీపురుపుల్లతో నా మిషను, పెట్టె, కేబుల్ రెండు కొసలు. నల్లగా, పచ్చగా ఏవేవో వచ్చాయి. పదమూడో తారీఖు పేజీలో ఆయన్ని గురించి రాసింది తప్పు. కొట్టెయ్యడానికి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చాణక్య బాబాయి తన సొంత కేబుల్ నాకిచ్చాడు. నాలుగింటి దాకా అన్నం తినకుండా నాతో తుడుస్తూ కూర్చున్నాడు.

నాలుగింటికి తగిలించాం. అరగంట చూశాం, ఊడలేదు. కానీ ముప్పై మూడే. నలభై రాలేదు. గట్టుదాకా నడపడం కూడా దండగ అనిపించి రేవులోనే పడవ ఆపి సెట్టింగులన్నీ తిప్పి చూశాను. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతోంది. వివరం తగ్గిస్తే ఫ్రేములొస్తాయి, కానీ మిల్లు మలుపులో ఆ కనపడని తాకిడి ఉండనే ఉంది.

బాబాయి గడ్డం గోక్కుంటూ తెర చూశాడు. “అమ్మాయ్, నువ్వు బొమ్మ చూసేది ఎక్కడ?”

“నా మిషను తెర మీద.”

“గీసేది పెట్టె. చూసేది మిషను. గీసిన బొమ్మ మళ్ళీ అదే కేబుల్లో వెనక్కి రావాలిగా? పోయే సరుకూ అందులోనే, వచ్చే సరుకూ అందులోనే. ఒంటి వరస వంతెన మీద ఎదురుబళ్ళు అంటే ఇదే. పెట్టె వెనకాల టీవీ సాకెట్టుంది. టీవీ తగిలించి, నీ మిషను తెర ఆర్పెయ్. బొమ్మ వెనక్కి రావక్కర్లేదు.”

“టీవీ ఎక్కడుంది ఊళ్ళో?”

“అది నన్నడక్కు. నాకున్నది పెట్టె ఒక్కటే.”

టీవీ మా ఇంట్లోనే ఉంది. పదేళ్ళుగా దాని మీద వదిన మందుల డబ్బాలున్నాయి.

జులై 18, శనివారం
నీటిమట్టం 8.5. గాలి నైరుతి. ట్రిప్పులు 2.

విశేషాలు: వదిన టీవీ ఇవ్వనంది. మందులు ఎక్కడ పెట్టుకోవాలట. గోడకి రెండు మేకులు కొట్టి బల్ల కట్టి ఇస్తే ఒప్పుకుంది, కానీ షరతు పెట్టింది. “అది పోయే చోటికి నేనూ వస్తా. మా అమ్మ కొన్న టీవీ అది. నీ చేతికిస్తే దానికీ మైనం పూస్తావు.”

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెకి లేచి నిలబడే ఓపిక ఉండదు. అయినా టీవీని దుప్పటిలో చుట్టి పడవలో ఏడో స్తంభానికి చేర్చేదాకా పక్కనే కూర్చుంది.

జులై 20, సోమవారం
నీటిమట్టం 8.5. గాలి పడమర. ట్రిప్పులు 1.

విశేషాలు: యాభై ఏడు.

పూర్తి వివరం, వాన, బురదనీళ్ళు, అన్నీ ఉండగానే యాభై ఏడు ఫ్రేములు. బాబాయి తొడ చరుచుకున్నాడు. నేను మాత్రం మొదటి పది నిమిషాల్లో మూడు గోడలు, ఒక బస్సు గుద్దాను. ఇరవై ఏళ్ళుగా మోచేతులు పక్కలకి ఆనించి, తెరని ఛాతీ దగ్గర పట్టుకుని నడిపే చేతులు ఇవి. ఇప్పుడు చేతిలో తెర నల్లగా ఉంది, బొమ్మ ఎదురు గోడ దగ్గర ఉంది. కళ్ళొక చోట, చేతులొక చోట. మాటిమాటికీ తల దించి చేతులు చూసుకున్నాను.

“తల దించకే. నీ చేతులు ఎక్కడికీ పోవు,” అంది వదిన. చాప మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది.

నాలుగోసారి బస్సు తప్పించాను. బడి తప్పించాను. రైసుమిల్లు మలుపు వచ్చింది. మిల్లు కప్పు కొస ఒకపక్క, కరెంటు స్తంభం తల ఇంకోపక్క, మధ్యలో మేం ఎప్పుడూ వెళ్ళే దారి. పెద్ద తెర మీద దగ్గరకొస్తుంటే ఆ రెండిటి మధ్య నీళ్ళలో ఒక సన్నటి గీత కనిపించింది. తెర మీద వెంట్రుక పడిందనుకుని చేత్తో తుడిచాను. పోలేదు.

అది కరెంటు తీగ. స్తంభం నుంచి మిల్లుకి వెళ్ళే లావుపాటి తీగ, మధ్యలో వేలాడుతూ, నీటికి ఒకటిన్నర అడుగు కింద. మట్టం ఐదు, ఐదున్నర ఉంటే సరిగ్గా పడవ ఫ్యాను రెక్కలకి తగిలే చోట.

నేను పడవ ఆపేశాను. వదిన చాప మీద నుంచి పాక్కుంటూ టీవీ దగ్గరికొచ్చి ఆ గీత మీద వేలు పెట్టింది.

“ఇదేనా?”

“ఇదే వదినా.”

“ఆ రోజు నీళ్ళెంతున్నాయి?”

ఇంటికొచ్చి ఆయన సరంగు పుస్తకం తీశాను. నాలుగేళ్ళుగా బట్టలో చుట్టి ఉంచానే తప్ప విప్పలేదు. చివరి పేజీ, మే ఇరవై ఆరు. నీటిమట్టం 5.5. గాలి పడమర. ట్రిప్పులు అన్న చోట ఖాళీ. విశేషాలు ఖాళీ. పొద్దున మట్టం చూసి రాసి, సాయంత్రం వచ్చి మిగతాది రాద్దామని వెళ్ళుంటాడు. నీళ్ళు అంతకు ముందు ఎప్పుడూ ఆరుకి తగ్గలేదు. తర్వాతి వేసవుల్లో ఆ మలుపంటేనే భయపడి ఎవరం అటు పోలేదు.

తీగ ఆఫీసు కొలతల్లో ఎప్పటినుంచో ఉందట, బాబాయి పాత గేమ్ తిరగేసి చూసి చెప్పాడు. ఫ్రేముల కోసం వివరం సున్నా పెట్టుకుని దాన్ని తెర మీద నుంచి తీసేసింది మేమే. ఆయనొక్కడే కాదు, ముగ్గురం. నేనూ. ఆ వేసవిలో ఆ రోజు ఆ ట్రిప్పు నాదైతే నేను పోయేదాన్ని. ఇన్నాళ్ళూ ఆయన మీద నాకు కోపం ఉండేది, జాగ్రత్తగా ఉంటే ఏం పోయిందని. ఇప్పుడు ఆ కోపం పెట్టుకోవడానికి చోటు లేదు. చాలాసేపు ఏడ్చాను.

జులై 23, గురువారం
నీటిమట్టం 8. గాలి నైరుతి, మబ్బు. ట్రిప్పులు 1.

విశేషాలు: చివరి వంతు. మిల్లు మలుపు దాటేదాకా ఆరుసార్లు నడిపాను. ఐదుసార్లు దేన్నీ గుద్దలేదు. మిల్లు దగ్గర మధ్యదారి వదిలేసి మిల్లు వెనక నుంచి తిరుగుతున్నాను, మూడు నిమిషాలు ఎక్కువ. తల దించడం మానేశాను. వదిన చెప్పింది నిజమే, చేతులు ఎక్కడికీ పోలేదు.

భయమల్లా మబ్బుకే. రేపు కూడా ఇలాగే ఉంటే డాక్‌కి కరెంటు చాలదంటున్నాడు బాబాయి.

జులై 24, శుక్రవారం
నీటిమట్టం 8. గాలి నైరుతి, ముసురు. ట్రిప్పులు 0.

విశేషాలు: పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ పేరు కోటేశ్వరమ్మ గారు, ముప్పై కూడా ఉండవు. తడిసిన గొడుగు మూల పెట్టి, టీవీని, పెట్టెని, నన్ను చూసింది.

“హ్యాండ్‌హెల్డ్ ఏదండీ?”

చేతిలోది చూపించాను. “గేమ్ ఆడేది ఇదే. నడిపేది ఇదే. బొమ్మ మాత్రం అక్కడ చూస్తాను.”

“అలా ఎవరూ చేయలేదే.”

“చెయ్యకూడదని ఎక్కడుందో చూపించండి. లేకపోతే మొదలుపెడదాం.” కటువుగానే వచ్చింది మాట. సర్దుకుని, “చూడండమ్మా,” అని చేర్చాను.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా కూర్చుని చదివింది. అంతసేపూ బయట వాన, డాక్ మీద పచ్చలైటు మినుకుమినుకుమంటోంది. “సరంగు సొంత హ్యాండ్‌హెల్డ్‌తో నడపాలి అని ఉంది. తెర చేతిలో ఉండాలని లేదు,” అని పుస్తకం మూసింది. “కానీ మీ కరెంటు నిలబడుతుందా? మధ్యలో పోతే తప్పినట్టే.”

అప్పటికే బాబాయి బయటికెళ్ళాడు. ఒకటో స్తంభం నుంచి పన్నెండో స్తంభం దాకా వానలో తలుపులు తట్టాడట, ఆ ఇళ్ళకీ డాక్‌కీ సోలార్ లైను ఒకటే. చీరల డిజైన్ల వంతు వదులుకున్నారు. ఫ్రిజ్‌లు ఆపారు. పందెంరాయుళ్ళు వాళ్ళ బ్యాటరీలు రెండు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టారు. పైస్తంభాల వాళ్ళ గురించి నేను ఈ పుస్తకంలో ముందు పేజీల్లో ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుంది. పచ్చలైటు మినుకుమనడం మానేసింది.

నలభై ఆరు నిమిషాలు నడిపాను. బస్సు, బడి, కూలిన నీళ్ళ ట్యాంకు. రైసుమిల్లు మలుపులో పడవ ఆపాను.

“ఆగారేం?” అంది కోటేశ్వరమ్మ గారు.

“అక్కడ తీగ ఉంది. మీకు కనిపిస్తోందా?”

ఆవిడ కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికెళ్ళింది. చూసి, తన చేతిలో ఉన్న ఆఫీసు హ్యాండ్‌హెల్డ్‌లో అదే చోటు చూసుకుంది. అందులో ఏమీ లేదు. “మాదీ వివరం తక్కువే పెట్టుకుని తిరుగుతాం,” అని ఒప్పుకుంది, గొంతు తగ్గించి.

“నాలుగేళ్ళ కిందట మణిదీప్ అని ఒక సరంగు ఇక్కడ పోయాడు. మీ ఆఫీసులో నిర్లక్ష్యం అని రాశారు. ఆ రోజు మట్టం ఐదున్నర.”

“మీరు పరీక్ష పూర్తి చేయండి,” అంది. నేను మిల్లు వెనక నుంచి తిరిగి గట్టు చేరాను. తాకిడి లేదు. తక్కువలో తక్కువ యాభై ఒక్క ఫ్రేములు. ఆవిడ నా లైసెన్సు మీద ముద్ర వేసి, ఇంకో కాగితం తీసి ఆయన పేరు, తారీఖు, మట్టం అడిగి రాసుకుంది. పాత విచారణ మళ్ళీ తెరిపిస్తానని మాట ఇవ్వలేనంది, అడుగుతానంది. అబద్ధం చెప్పనందుకు నాకు నచ్చింది.

మిగతా సరంగులిద్దరూ గుమ్మంలో నిలబడి అంతా చూశారు. వెళ్ళేటప్పుడు ఒకడు, “అక్కా, నీ టీవీ ఉండనిస్తావా ఇక్కడ?” అని అడిగాడు. వదిన టీవీ అది, వదిననే అడగమన్నాను. ఇకనుంచి వారంలో ఒక పొద్దుటి వంతు సరంగులకని బాబాయి గోడమీద పలక తుడిచి రాశాడు.

జులై 25, శనివారం
నీటిమట్టం 8. గాలి లేదు, తెరిపి. ట్రిప్పులు 1, ఆసుపత్రి గట్టు.

విశేషాలు: ఇంజిన్ తాళం మొదటి తిప్పుకే తెరుచుకుంది.

వచ్చేటప్పుడు రైసుమిల్లు మలుపులో ఇంజిన్ ఆపాను. నాలుగేళ్ళుగా వదిన ఆ చోటు దాటేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఈ రోజు మూసుకోలేదు. నేను గడ నీళ్ళలోకి దించి అటూ ఇటూ ఆడించాను. నాలుగున్నర అడుగుల లోతులో గడకి ఏదో తగిలి జారింది. మళ్ళీ ఆడించాను. తీగే.

వదిన చెయ్యి చాపింది. సూది పెట్టని చెయ్యి. గడ ఆమెకిచ్చాను. తనే దించి, తగిలేదాకా వెతికి, తగిలాక కదలకుండా పట్టుకుంది.

“మా తమ్ముడు పడవ చేతకానోడు కాదు,” అంది.

“కాదు వదినా.”

చిన్న లంగరుకి తాడు కట్టి దింపాను, తీగని పట్టుకుంది. తాడు పైకొసకి డయాలసిస్ మందు ఖాళీ క్యాన్ కట్టాం. రత్తమ్మని అడిగి తెచ్చినది. వదిన తన ఎర్ర జాకెట్టుగుడ్డ దాని మెడకి ముడేసింది. చాలా దూరం నుంచి కనిపిస్తోంది, ఏ హ్యాండ్‌హెల్డూ అక్కర్లేకుండా.

సరంగులందరికీ: రైసుమిల్లుకీ స్తంభానికీ మధ్య కరెంటు తీగ ఉంది. మట్టం ఆరుకి తగ్గితే మిల్లు వెనక నుంచి తిరిగి వెళ్ళాలి.

ఇంటికొచ్చాక ఆయన పుస్తకం కూడా తీశాను. కొట్టెయ్యకూడదన్నారు గానీ, ఖాళీగా ఉన్నది నింపకూడదని ఎక్కడా లేదు. మే ఇరవై ఆరు. ట్రిప్పులు 1. విశేషాలు: తీగ ఉంది. మాకెవరికీ కనిపించలేదు.